దవాఖాన బిల్లులో ఏది లెక్కకొస్తుంది?

సూరత్‌లోని లింబాయత్‌లో, మా గల్లీకి దగ్గర్లోనే ఉండే ఒక పెద్దాయన ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే పవర్‌లూమ్‌లు, నడిపాడు. కొడుకు పాండేసరాలో ఒక మిల్లు ఆఫీసులో చేరాడు. అక్కడ కంపెనీ మెడిక్లెయిమ్ ఉంది, అందులో తల్లిదండ్రుల పేర్లు కూడా రాయించాడు. పోయిన ఏడు పెద్దాయనకు హెర్నియా ఆపరేషన్ అయింది. డిశ్చార్జి రోజున బీమా వాళ్లు ఒప్పుకున్నది పోను మిగతాది కట్టించుకుని, ఏవేవి కొట్టేశారో ఒక కాగితం చేతిలో పెట్టారు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఒక ఆదివారం తండ్రీకొడుకులు మా ఇంటికొచ్చారు. నేను రింగ్ రోడ్డులో ఒక బట్టల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. గల్లీలో ఎవరికి ఏ ఫారం వచ్చినా ముందు మా గడపకే వస్తుంది.

కాగితంలో గ్లౌజులు, మాస్కు, ఈసీజీ ఎలక్ట్రోడ్లు, పొట్టకు చుట్టే బెల్టు, వివరం ఏమీ లేని ఒక ‘కిట్’, ఫైలు ఛార్జీ, డిశ్చార్జి ఛార్జీ, తోడున్న మనిషి భోజనం వరుసగా ఉన్నాయి. ఒక్కోదాని ఎదురుగా ‘చెల్లదు’ అని ఒకే మాట. పెద్దాయన వేలు గ్లౌజుల దగ్గర ఆగింది. “చేతులకు తొడుక్కున్నది డాక్టరే గద సారూ. గవి లేకుంట కోస్తడా? మరి పైసలు నేనెందుకు కట్టాలె?”

నా దగ్గర వెంటనే జవాబు లేదు. రూల్ చెప్పగలను గానీ న్యాయం చెప్పలేకపోయాను. ఆ తర్వాత నెలల తరబడి మా వాళ్ల బిల్లులు, పాలసీ కాగితాలు, ఈఎస్‌ఐ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. పనిచేసే చోట ఇచ్చే వైద్య సదుపాయంలో ఏ ఖర్చు లెక్కకొస్తుంది, ఏది రాదు, ఆ గీత ఎవరు గీశారు అన్నది ఒకచోట పెట్టాలన్నదే ఈ రాత.

సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి నేతపని వాళ్లు భివండీకి, షోలాపూర్‌కు వెళ్లినట్టే సూరత్‌కూ వచ్చారు. ఇక్కడి నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతుందంటే మా జనం ఎంత ఉన్నారో తెలుస్తుంది. గుజరాతీలో ఆసుపత్రిని ‘దవాఖాను’ అంటారు, తెలంగాణలో ‘దవాఖాన’ అంటాం. కొత్తగా వచ్చినవాడికి ఈ ఊళ్లో మొదట అర్థమయ్యే మాటల్లో అదొకటి. కానీ ఆ దవాఖాన గేటు దాటాక అందరి లెక్కా ఒకటి కాదు. సాంచాల షెడ్డులో పనిచేసేవాడిది ఒక లెక్క, ప్రాసెసింగ్ మిల్లులో రిజిస్టరుకెక్కినవాడిది ఒకటి, హజీరా కంపెనీల్లో ఉన్న మన ఇంజినీర్లది మరొకటి, బ్యాంకుల్లో, కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ఉన్నవాళ్లది ఇంకొకటి. రోగం ఒకటే అయినా లెక్కకొచ్చే ఖర్చు నాలుగు రకాలు.

వీటిలో పెద్దది ఈఎస్‌ఐ, అంటే కార్మిక రాజ్య బీమా. పారిశ్రామిక కార్మికులకు ఆరోగ్య బీమా ఎలా ఉండాలో చెబుతూ ప్రొఫెసర్ బి.పి. అదార్కర్ 1944లో నివేదిక ఇచ్చారు. 1948లో చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ చేతుల మీదుగా పథకం మొదలైంది. ఇప్పుడు నెల జీతం 21,000 రూపాయలు దాటని వాళ్లకు ఇది వర్తిస్తుంది. 2019 జులై నుంచి కార్మికుడి జీతంలో 0.75 శాతం కోస్తారు, యజమాని 3.25 శాతం కలుపుతాడు. పదిహేను వేల జీతగాడికి నెలకు నూట పన్నెండున్నర రూపాయలు పోతుంది.

అంత చిన్న కోతకు ఈఎస్‌ఐ ఒప్పుకునే ఖర్చుల జాబితా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఓపీ చీటీ, మందులు, పరీక్షలు, ఆపరేషను, కాన్పు అన్నీ వస్తాయి. కళ్లద్దాలు, వినికిడి యంత్రం, కట్టుడు పళ్లు, కృత్రిమ అవయవాలు కూడా నిబంధనలకు లోబడి వస్తాయి. వైద్యానికి ఇంతే అని పై హద్దు లేదు. ఐదేళ్లు బీమాలో ఉండి రిటైరైనవాడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ భార్యకూ వైద్యం కొనసాగుతుంది. బయట 120 రూపాయలకు ఒక షుగరు పరీక్ష కూడా సరిగా కాదు.

అయితే నా దృష్టిలో ఈఎస్‌ఐ గొప్పదనం మందుల దగ్గర లేదు. రోగం వల్ల పోయిన జీతాన్ని కూడా అది ఖర్చుగా లెక్కిస్తుంది. డాక్టరు సర్టిఫికెట్ ఇస్తే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం చేతికిస్తారు. క్షయ, క్యాన్సర్ లాంటి 34 దీర్ఘ రోగాలకు 80 శాతం చొప్పున రెండేళ్ల దాకా ఇస్తారు. పనిలో దెబ్బ తగిలి మంచాన పడితే 90 శాతం. మామూలు మెడిక్లెయిమ్ పాలసీల్లో ఈ లెక్క ఉండదు. మీటరుకింత అని కూలి పుచ్చుకునేవాడికి జ్వరం వస్తే డాక్టరు ఫీజు మూడొందలు కావచ్చు, పోయిన పగారు మూడు వేలు. ఇంట్లో ఇల్లాలు వేసే లెక్కలో రెండోదే పెద్ద ఖర్చు. 1948లో చట్టం రాసినవాళ్లకు ఆ సంగతి తెలుసు. తర్వాత పాలసీలు రాసినవాళ్లు దాన్ని పక్కన పెట్టేశారు.

జీతం ఇప్పించే ఆ లెక్కకు ఒక తాళం ఉంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి, ఇలా ఆరేసి నెలల చందా కాలాల్లో కనీసం 78 రోజుల హాజరు ఉండాలి. అప్పుడే తర్వాతి కాలంలో 70 శాతం వస్తుంది. ఠేకేదారు కింద పనిచేసేవాడు నెలకు ఇరవై ఆరు రోజులు పనిచేసినా రిజిస్టరులో పన్నెండు రోజులే చూపితే ఆరు నెలలకు 72 రోజులవుతాయి. ఆరు రోజులు తక్కువ. రోగం నిజమే, సర్టిఫికెట్టూ నిజమే, డబ్బు మాత్రం రాదు. అందుకే మా గల్లీలో ఎవరైనా మిల్లులో చేరితే నేను అడిగే మొదటి మాట “జీతమెంత?” అని కాదు, “నీ పేరు మీద ఎన్ని రోజులు పడుతున్నయో ఫోనులో చూసుకున్నవా?” అని.

ఇంకో తాళం ఆ 21,000. అది 2017 జనవరిలో పెట్టిన హద్దు. అప్పటినుంచి బియ్యం ధర పెరిగింది, అద్దె పెరిగింది, హద్దు అక్కడే నిలిచింది. మిల్లులో సూపర్‌వైజరుకు జీతం పెంచి 22,000 చేస్తే ఆ చందా కాలం అయిపోగానే ఈఎస్‌ఐ చందా ఆగిపోతుంది, కొన్నాళ్లకు వైద్యమూ ఆగిపోతుంది. పెరిగిన వెయ్యి రూపాయలతో నలుగురున్న కుటుంబానికి పాలసీ కొనడం అతనివల్ల కాదు. జీతం పెరిగినందుకు దిగులుపడే మనిషిని నేను చూశాను. ఆ హద్దు పెంచడం ఇప్పటికే చాలా ఆలస్యమైంది.

ఇక సాంచాల షెడ్డుకు వద్దాం. సూరత్‌లో ఆరేడు లక్షల పవర్‌లూమ్‌లు ఉంటాయని అంటారు. పనివాళ్లలో ఎక్కువమంది ఒడిశాలోని గంజాం జిల్లావాళ్లు, తర్వాత మనవాళ్లు, ఉత్తరప్రదేశ్, బిహార్ వాళ్లు. పన్నెండు గంటల పాళీ, పగలొకరు రాత్రొకరు. పది మంది పనిచేసే చోటైతే ఈఎస్‌ఐ తప్పనిసరి. కానీ ఒకే గోడల మధ్య ఉన్న సాంచాలు కాగితం మీద మూడు నాలుగు పేర్లతో ఉంటాయి, ఒక్కో పేరు కింద పది మంది కంటే తక్కువ. ఈ ఊరి నేతపని మీద రాసిన పరిశోధకులు కూడా ఈ సంగతి రాశారు. ఫ్యాక్టరీ కావలసింది దుకాణంగా రిజిస్టరవుతుంది. అప్పుడు ఏ ఖర్చు అర్హమైనదన్న ప్రశ్నే అక్కడ పుట్టదు, ఎందుకంటే మనిషే జాబితాలో లేడు.

షెడ్డులోకి ఒకసారి వెళ్లినవాళ్లకు ఆ చప్పుడు మరుపు రాదు. షటిల్ సాంచాలు వరుసగా కొట్టుకుంటుంటే శబ్దం 90 డెసిబెల్స్ మామూలుగా దాటుతుంది. పక్కనున్న మనిషితో మాట్లాడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి, లేకుంటే చేతులతో సైగ చేయాలి. పోగు తెగిందనడానికి ఒక సైగ, కండె అయిపోయిందనడానికి ఒకటి, చాయ్ వచ్చిందనడానికి ఒకటి. పాళీ దిగి ఇంటికొచ్చాక కూడా మా వాళ్లు గట్టిగానే మాట్లాడతారు. కొత్త కోడళ్లు మొదట్లో మామగారు కోప్పడుతున్నాడనుకుంటారు. నాలుగు నెలలకు అర్థమవుతుంది, ఆయనకు తన గొంతు తనకే వినపడటం లేదని. హెర్నియా ఆపరేషనైన ఆ పెద్దాయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడివైపు కూర్చుంటేనే మాట అందుతుంది.

ఇక్కడే నాకు గుండె మండుతుంది. శబ్దం వల్ల వచ్చే చెవుడు ఈఎస్‌ఐ చట్టం మూడో షెడ్యూలులో వృత్తి రోగంగా రాశారు. ఆరు నెలలు అలాంటి పనిలో ఎడతెగకుండా ఉన్న బీమాదారుడికి ఆ రోగం వస్తే, పనిలో తగిలిన దెబ్బతో సమానంగా చూడాలని చట్టమే చెబుతుంది. మెడికల్ బోర్డు ఎంత శాతం వినికిడి పోయిందో తేలిస్తే ఆ మేరకు జీవితాంతం నెలనెలా డబ్బు రావాలి. అంటే దేశంలో ఏ చట్టమైతే సాంచాల మనిషి చెవిని లెక్కలోకి తీసుకుందో, ఆ చట్టం గేటు దగ్గరే అతన్ని ఆపేశారు. చెవి పరీక్ష చేయించుకోవడానికి అతను ఒకరోజు పగారు పోగొట్టుకోవాలి, పరీక్షకు జేబులోంచి పెట్టాలి, యంత్రం కొనుక్కోవాలి. పరీక్ష, యంత్రం రెండూ ఈఎస్‌ఐ లెక్కకొచ్చే ఖర్చులే, అతని పేరు రిజిస్టరులో ఉంటే.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. పది మంది కంటే తక్కువున్న చోట కూడా యజమాని, పనివాళ్లు ఒప్పుకుంటే ఈఎస్‌ఐలో చేరవచ్చు. ప్రమాదకరమైన పని అని ప్రభుత్వం గుర్తించిన చోట ఒక్క మనిషి ఉన్నా చేర్చాలి. నలభై దాటిన కార్మికులకు ఏడాదికోసారి ఉచిత ఆరోగ్య పరీక్ష అని కూడా కొత్త కోడ్‌ల కింద చెప్పారు. ఆ పరీక్షలో చెవి పరీక్ష కలిపితే సూరత్‌కు అది పెద్ద మేలు. కలపమని అడగాల్సింది మనమే.

చేనేతకూ సాంచాకూ మధ్య ఉన్న తేడా కూడా మా వాళ్లను దెబ్బతీసింది. 2005-06లో కేంద్రం చేనేత కుటుంబాలకు ఆరోగ్య బీమా పెట్టింది. ఏడాదికి 15,000, అందులో సగం ఓపీ ఖర్చులకే. మన దేశంలో ఓపీని అంత పెద్ద వాటాగా ఒప్పుకున్న పథకాలు అరుదు. కానీ అది మగ్గం మీద చేత్తో నేసేవాళ్లకు. అదే కులం, అదే ఊరు, కరెంటుతో నడిచే సాంచా దగ్గర నిలబడ్డాడు కాబట్టి సూరత్ కార్మికుడు అందులోకి రాలేదు.

ఇప్పుడు పెద్దాయన గ్లౌజుల దగ్గరికి. కంపెనీలు తమ ఉద్యోగుల కోసం తీసుకునే గ్రూపు మెడిక్లెయిమ్‌కు మూలం ఆసుపత్రి మంచం. మామూలుగా 24 గంటలు అడ్మిట్ కావాలి, లేదా డే-కేర్ జాబితాలో ఉన్న ఆపరేషన్ కావాలి. చేరడానికి ముందు 30 రోజులు, ఇంటికెళ్లాక 60 రోజుల మందులూ పరీక్షలూ చాలా పాలసీల్లో వస్తాయి. ఆ 60 రోజుల సంగతి తెలియక మా వాళ్లు ఎన్ని చీటీలు పారేశారో లెక్కలేదు. డిశ్చార్జితో అంతా అయిపోయిందనుకుంటారు.

మంచం మీద ఉన్నప్పటి ఖర్చులోనూ అన్నీ రావు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నాలుగు జాబితాలు తయారుచేసి పెట్టింది. మొదటి జాబితాలో 68 వస్తువులు. బేబీ ఫుడ్, చేతిసంచి, టెలిఫోను, టీవీ, బట్టల ఉతుకు లాంటివి ఉన్నాయి, వాటికి ఎవరూ బాధపడరు. కానీ గ్లౌజులు, ఆక్సిజన్ మాస్కు, నెబ్యులైజర్ కిట్, క్రేప్ బ్యాండేజీ, మెడ కాలరు, మోకాలి బెల్టు, థర్మామీటరు, డైపరు, శానిటరీ ప్యాడ్ కూడా అందులోనే ఉన్నాయి. రెండో జాబితాలోవి గది అద్దెలోనే కలిసిపోవాలి. గౌను, దుప్పటి, ఫైలు తెరిచిన ఛార్జీ, డిశ్చార్జి ఛార్జీ, విజిటర్ పాసు లాంటివన్నమాట. మూడోది ఆపరేషన్ ఛార్జీలో, నాలుగోది చికిత్స ఖర్చులో కలవాల్సినవి.

ఈ జాబితాలను మూడు నాలుగు సార్లు చదివాక నాకు రెండు సంగతులు తెలిశాయి, ఇవి చాలామంది హెచ్‌ఆర్ వాళ్లకు కూడా తెలియవు. మొదటి జాబితా పేరే ‘ఐచ్ఛిక’ వస్తువుల జాబితా. అంటే బీమా కంపెనీ ఇవ్వకూడదని ఎక్కడా లేదు, ఇష్టమైతే ఇవ్వొచ్చు. కాస్త ప్రీమియం ఎక్కువ కడితే ఈ వస్తువులకూ వర్తించే అదనపు కవరు దొరుకుతుంది. రెన్యువల్ రోజున కంపెనీ అడిగితే సరిపోతుంది, అడిగేవాళ్లే తక్కువ. రెండోది, ఫైలు ఛార్జీ, డిశ్చార్జి ఛార్జీ బీమా కొట్టేస్తే వాటిని రోగి జేబులోంచి వసూలు చేయడం ఆ జాబితా ఉద్దేశానికే విరుద్ధం. అవి గది అద్దెలో ఉన్నట్టే లెక్క. పెద్దాయన కాగితంలో ఆ రెండూ ఉన్నాయి.

గది అద్దె దగ్గర ఇంకా పెద్ద దెబ్బ పొంచి ఉంటుంది. చాలా గ్రూపు పాలసీల్లో రోజు అద్దె బీమా మొత్తంలో ఒక శాతం దాటకూడదు. మూడు లక్షల పాలసీకి మూడు వేలు. ఖాళీ లేదనో, కొంచెం గాలి వస్తుందనో ఐదు వేల గదిలో చేరారనుకోండి. పోయేది రోజుకు రెండు వేలేననుకుంటారు. కానీ సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీ, నర్సింగ్ అన్నీ అదే దామాషాలో తగ్గిపోతాయి, వందకు అరవై మాత్రమే ఒప్పుకుంటారు. పాతికవేల సర్జన్ ఫీజులో పది వేలు మీ నెత్తిన పడుతుంది. మందులు, లోపల అమర్చే పరికరాలు, పరీక్షల మీద మాత్రం ఇలా కోయకూడదని 2020లో ఐఆర్‌డీఏఐ కట్టడి చేసింది. మీ కోత కాగితంలో మందుల బిల్లు మీద ఈ దామాషా కనిపిస్తే వదలకండి.

24 గంటల నియమం మీద మా గుజరాత్‌లోనే వడోదరలో మంచి తీర్పు వచ్చింది. ఒకావిడను అహ్మదాబాద్ ఆసుపత్రిలో చేర్చి మర్నాడు పంపించారు, 24 గంటలు నిండలేదని బీమా కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చింది. 2023లో వడోదర జిల్లా వినియోగదారుల కమిషన్ దాన్ని ఒప్పుకోలేదు. వైద్యం కొత్త పద్ధతులకు మారి తొందరగా అయిపోతున్నప్పుడు గంటలు లెక్కపెట్టి డబ్బు ఎగ్గొట్టకూడదని, రోగికి చెల్లించాలని చెప్పింది. కేటరాక్ట్‌కు ఇప్పుడెవరూ రాత్రి పడుకోబెట్టరు కదా.

మంచం మీద పడుకోని రోగాల సంగతేమిటి? షుగరు, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పి, ఆస్తమా, నెలనెలా పరీక్షలు, మందులు. మా గల్లీలో ఇల్లు గుల్ల చేసేవి ఇవే. గ్రూపు పాలసీల్లో చాలావాటికి ఇవి కనపడవు. 2021-22 జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశం ఆరోగ్యం మీద పెట్టే ప్రతి వందలో 39 రూపాయల 40 పైసలు జనం నేరుగా జేబులోంచి తీస్తున్నారు. ఆ డబ్బులో పెద్ద భాగం మందుల షాపు కౌంటరు మీద పడేదే. అడ్మిషనే ఖర్చుకు ఆధారమన్నది లెక్కలు సరిచూసేవాడి సౌకర్యం కోసం పెట్టిన గీత. లెక్కలు రాసేవాడిగా ఆ సౌకర్యం నాకు తెలుసు. మంచం ఉంటే తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది, మోసం కష్టం. కానీ రోగం ఆ గీత చూసుకుని రాదు.

ఒకప్పుడు ఆదాయపు పన్ను చట్టం ఈ ఓపీ ఖర్చును ఒప్పుకునేది. డాక్టరు ఫీజు, మందుల బిల్లులు ఇస్తే యజమాని తిరిగిచ్చే 15,000 రూపాయల వరకు పన్ను ఉండేది కాదు. 2018 బడ్జెట్‌లో దాన్ని, రవాణా భత్యాన్ని తీసేసి 40,000 స్టాండర్డ్ డిడక్షన్ పెట్టారు, తర్వాత అది పెరిగింది. మార్చి నెలలో దొంగ బిల్లులు తిరిగే బెడద తప్పిందని మా ఆఫీసుల్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ బెడద నిజమే. కానీ రోగమున్నవాడికీ లేనివాడికీ ఒకటే మొత్తం చేతిలో పడ్డాక, ‘వైద్యం ఖర్చు’ అనే ఖాతాయే జీతం చీటీలోంచి మాయమైంది. యజమాని బాధ్యతగా ఉన్నది జీతంలో కలిసి కరిగిపోయింది. నా అభిప్రాయంలో అది నష్టమే.

ప్రభుత్వ ఉద్యోగుల లెక్క ఇంకో దారి. కేంద్ర ఉద్యోగులకు 1944 నాటి వైద్య నియమాలు, ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులకు 1972 నాటి నియమాలు. వాళ్లకు ఓపీ మందులు కూడా వస్తాయి గానీ, ఆ మందు తప్పనిసరని చెప్పే ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్ మీద డాక్టరు సంతకం పెట్టాలి. టానిక్కులు, ఆహారంగా లెక్కేసే పొడులు కొట్టేస్తారు. జాబితాలో లేని ఆసుపత్రిలో చేరితే డబ్బు రాదన్న పట్టుదలను 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు శివకాంత్ ఝా కేసులో సడలించింది. చికిత్స నిజంగా జరిగిందా, కాగితాలు నిజమేనా అన్నదే చూడాలని, ఆసుపత్రి పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదని చెప్పింది. ఆ మాట ప్రభుత్వ ఉద్యోగుల కేసులో చెప్పినదే అయినా అందరి బిల్లులకూ అదే కొలత కావాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ ప్రశ్న వేరేలా తెలుసు. అక్కడ జీతంలోంచి పన్ను పడకముందే కొంత వైద్య ఖాతాలో వేసుకుంటారు, అర్హమైన ఖర్చులకే వాడాలి. రోగాన్ని నయం చేయడానికో నివారించడానికో అయితే చెల్లుతుంది, ఒంటికి మంచిదని తీసుకునే విటమిన్లకు చెల్లదు. కళ్లద్దాలు, పళ్ల వైద్యం చెల్లుతాయి. 2020 మార్చిలో కోవిడ్ చట్టం ద్వారా చీటీ లేకుండా కొనే మందులను, శానిటరీ ప్యాడ్లను కూడా చేర్చారు. మన ఐఆర్‌డీఏఐ మొదటి జాబితాలో ప్యాడ్ ఇంకా చేతిసంచి పక్కనే ఉంది. కాన్పు వార్డులో ఉన్న బాలింతకు అది విలాసమా?

మా సూరత్ వాళ్లకు మాత్రం పెద్ద చిక్కు రెండు రాష్ట్రాల మధ్య ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైంది, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి పది లక్షల దాకా ఇస్తున్నారు. గుజరాత్ కూడా 2023లో తన పథకాన్ని పది లక్షలకు పెంచింది. ఆహార భద్రతా కార్డు ఊళ్లో ఉంది, మనిషి ఇక్కడున్నాడు. ఆరోగ్యశ్రీ కార్డు సూరత్ ఆసుపత్రిలో చూపితే పనికిరాదు. గుజరాత్ కార్డుకు ఇక్కడి చిరునామా కాగితాలు కావాలి, అద్దె గదికి కాగితమిచ్చే సేటు దొరకడు. దాంతో ఆపరేషన్ అవసరమైనవాడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌లో దిగుతాడు. దాదాపు రోజంతా ప్రయాణం, తోడు ఇద్దరు, నెల రోజుల పగారు. ఆపరేషన్ ఉచితం, అక్కడికి చేరడానికి ఖర్చయినది ఏ జాబితాలోనూ లేదు. ఆయుష్మాన్ భారత్ అర్హుల జాబితాలో పేరున్నవాళ్లకు మాత్రం ఆ పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది. 2021లో తెలంగాణ అందులో చేరింది. కాబట్టి ఊరెళ్లినప్పుడు ఆ పేరు ఉందో లేదో చూసుకుని రావడం మంచిది. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. కుటుంబం సిరిసిల్లలో ఉంటే అక్కడికి దగ్గరి డిస్పెన్సరీకి వాళ్ల పేర్లు రాయించవచ్చు. అమ్మ మందుల కోసం సూరత్ రానక్కర్లేదు.

పెద్దాయన కాగితం సంగతి చెప్పాలి. ఆసుపత్రికి ఒక ఉత్తరం రాశాం. ఫైలు ఛార్జీ, డిశ్చార్జి ఛార్జీ గది అద్దెలో కలవాల్సినవని, రెండో జాబితా జిరాక్సు జతచేశాం. ‘కిట్’లో ఏమేమున్నాయో విడివిడిగా బిల్లు ఇమ్మని అడిగాం. రెండు వారాలకు ఫైలు, డిశ్చార్జి ఛార్జీలు తిరిగొచ్చాయి. కిట్ విప్పి రాస్తే అందులో సగం చెల్లే వస్తువులేనని తేలింది, ఆ డబ్బు బీమా కంపెనీ ఇచ్చింది. ఒకవేళ ఇవ్వకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, తర్వాత అహ్మదాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాద్దామనుకున్నాం. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తోసిపుచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. గ్రూపు పాలసీ సభ్యులు కూడా వెళ్లవచ్చు.

గ్లౌజుల డబ్బు రాలేదు. కొడుకు వాళ్ల మిల్లు పాలసీ రెన్యువల్ వచ్చే ఏప్రిల్‌లో ఉంది. ఐచ్ఛిక వస్తువుల కవరు, తల్లిదండ్రులకు ఓపీ మందులు కలపమని పద్దెనిమిది మంది సంతకాలతో ఒక అర్జీ తయారైంది. మీ కంపెనీ రెన్యువల్ ఏ నెలలోనో రేపే అడిగి తెలుసుకోండి. ఆ నెలకు ముందే మీ అర్జీ కూడా హెచ్‌ఆర్ బల్ల మీద ఉండాలి.